సెల్ఫ్ విప్పే ముందు: లారీ స్టార్టర్‌లో లోపం ఎక్కడుందో పట్టుకునే పద్ధతి

తాళం తిప్పగానే "టక్" మని ఒక్క చప్పుడు వచ్చి లారీ మూగబోతే చాలామంది నోట వచ్చే మొదటి మాట "సెల్ఫ్ పోయింది", అంటే ఇంజన్‌ను తిప్పే స్టార్టర్ మోటర్ పోయిందని. మోటర్ విప్పుతారు, అందులోని కార్బన్లు (బ్రష్‌లు) మార్పిస్తారు, మళ్లీ బిగిస్తారు. రెండు రోజులు పోయాక పొద్దున్నే మళ్లీ అదే టక్. లోపమేమో ఛాసిస్‌కీ ఇంజన్‌కీ మధ్య తుప్పు పట్టిన ఎర్త్ పట్టీలోనో, కటాఫ్ స్విచ్‌లో కాలిన కాంటాక్టులోనో ఉండిపోతుంది. సెల్ఫ్ విప్పి బిగించడం కొన్ని బళ్లలో పూటంతా పట్టే పని. కొలతలన్నీ తీసుకోవడానికి అరగంట చాలు. అందుకే ముందు కొలవాలి, తర్వాతే పానా పట్టాలి.

ఇక్కడ చెప్పే అంకెలన్నీ 24 వోల్టుల బళ్లవి, అంటే రెండు 12 వోల్టుల బ్యాటరీలు సిరీస్‌లో ఉన్న లారీలు, టిప్పర్లు, బస్సులవి. చిన్న కమర్షియల్ బళ్లు చాలావాటికి 12 వోల్టులే ఉంటాయి. ఒక్కో బ్యాటరీకి విడిగా చెప్పినవి తప్ప మిగతా వోల్టేజి అంకెలను వాటికి సగం చేసుకోవాలి. కంపెనీ సర్వీస్ మాన్యువల్ చేతిలో ఉంటే అందులోని అంకెదే ఆఖరి మాట.

కావలసినవి: డిజిటల్ మల్టీమీటర్, డీసీ కొలిచే క్లాంప్ మీటర్, బ్యాటరీ హైడ్రోమీటర్, రెండు తీగలు కట్టిన 24 వోల్టుల 21 వాట్ల బల్బు, వైర్ బ్రష్, తాళం తిప్పడానికి క్యాబిన్‌లో ఒక మనిషి. ఇళ్లలో కరెంటు పని చేసేవాళ్ల క్లాంప్ మీటర్లలో చాలావాటికి ఏసీ మాత్రమే తెలుసు, అవి ఇక్కడ పనికిరావు.

మొదలుపెట్టే ముందు

గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేక్ వేసి, చక్రాలకు రెండు వైపులా దిమ్మలు పెట్టండి. గాలి బ్రేకుల బండి అయితే ట్యాంకుల్లో గాలి ఎంతున్నా దిమ్మలు తప్పనిసరి. ఉంగరం, కడియం, స్టీలు గడియారం తీసేయండి. బ్యాటరీ ప్లస్‌కీ ఛాసిస్‌కీ మధ్య ఉంగరం ఇరుక్కుంటే క్షణంలో ఎర్రగా కాలుతుంది, వేలు తెగేంత పనవుతుంది. బ్యాటరీ తీగ విప్పేటప్పుడు ముందు మైనస్, బిగించేటప్పుడు మైనస్ చివర.

బండి కింద దూరి సెల్ఫ్ మీది రెండు బోల్టులను స్క్రూడ్రైవర్‌తో కలిపి స్టార్ట్ చేసే అలవాటు రోడ్డు మీద బాగా ఉంది. అలా చేస్తే న్యూట్రల్ స్విచ్, క్లచ్ స్విచ్ లాంటి రక్షణలేవీ పని చేయవు. గేరులో ఉన్న బండి కింద ఉన్న మనిషి మీదుగానే కదులుతుంది. ప్రాణాలు పోయేది ఇలాగే. ఆ పద్ధతి ఈ వ్యాసంలో ఎక్కడా వాడటం లేదు, దాని అవసరమూ లేదు.

కొలతలు తీసేటప్పుడు ఇంజన్ తిరగాలి గానీ అందుకోకూడదు. పాత మెకానికల్ పంపు బళ్లలో స్టాప్ కేబుల్ లాగి పట్టుకుంటే, లేదా ఫ్యూయల్ కటాఫ్ సోలినాయిడ్ కనెక్టర్ పీకేస్తే సరిపోతుంది. కంప్యూటర్ డీజిల్ వదిలే కామన్ రైల్ బళ్లలో ఏ కనెక్టర్ పడితే అది పీకితే ఎర్రర్ కోడ్లు పడతాయి, కొన్నిటిలో సెల్ఫ్‌కే సిగ్నల్ ఆగిపోతుంది. వాటికి మాన్యువల్‌లో చెప్పిన పద్ధతే వాడాలి. ఒక విడతలో 10 సెకన్లకు మించి సెల్ఫ్ కొట్టకండి. కొట్టిన ప్రతిసారీ ఒకటి రెండు నిమిషాలు ఆగండి. ఆ మోటర్‌లో గాలి ఆడే ఏర్పాటు ఉండదు, పుట్టిన వేడంతా లోపలే ఉండిపోతుంది.

చప్పుడు చెప్పే సంగతి

హెడ్‌లైట్లు వేసి తాళం తిప్పమనండి. మీటరు లేకపోయినా ఈ ఒక్క పరీక్షతో దారి సగం తెలుస్తుంది.

లైట్లు బాగా మసకబారి, ఇంజన్ నీరసంగా తిరిగినా టక్ మని ఆగినా ఎక్కువగా రెండు కారణాలు. బ్యాటరీలో బలం లేకపోవచ్చు, లేదా మోటర్ ఉండాల్సినదానికన్నా ఎక్కువ కరెంటు లాగుతూ ఉండవచ్చు. లైట్లు ఏమాత్రం తగ్గకుండా టక్ మని ఒక్కసారి మోగితే సెల్ఫ్ మీదుండే అయస్కాంత స్విచ్ అయిన సోలినాయిడ్ లోపలికి వచ్చింది గానీ కరెంటు మోటర్‌లోకి దూకలేదు. సోలినాయిడ్‌లో ఉండే రాగి కాంటాక్టులు కాలి ఉంటాయి. "టకటకటక" మని వరసగా కొట్టుకుంటుంటే చాలావరకు బ్యాటరీ డౌన్ లేదా లూజు టెర్మినల్. సోలినాయిడ్ లోపలికి రాగానే వోల్టేజి పడిపోతుంది, పట్టు వదిలేస్తుంది, వోల్టేజి లేస్తుంది, మళ్లీ పట్టుకుంటుంది. బ్యాటరీ నిండుగా ఉండి కూడా ఇలా కొట్టుకుంటుంటే సోలినాయిడ్‌లో పట్టి ఉంచే కాయిల్ తెగిందని అనుమానించాలి.

ఏ చప్పుడూ లేకపోతే అందరూ తాళం స్విచ్ మీదో రిలే మీదో పడతారు. ఎక్కువసార్లు అదే నిజం కూడా. కానీ ఇంకో కారణం ఉంది, చాలామంది దాన్ని మరిచిపోతారు. సోలినాయిడ్‌లో రెండు కాయిల్స్ ఉంటాయి. లోపలికి లాగే కాయిల్ చాలా బలమైనది, దానికి ఎర్త్ దొరికేది మోటర్ కార్బన్ల గుండా. పట్టి ఉంచే కాయిల్ బలహీనమైనది, దాని ఎర్త్ సోలినాయిడ్ బాడీకే. కార్బన్లు అరిగి, మోటర్‌లో తిరిగే రాగి పట్టీల ఉంగరమైన కమ్యుటేటర్‌ను తాకకపోతే లాగే కాయిల్‌కు దారి తెగిపోతుంది. పట్టి ఉంచే కాయిల్ ఒక్కటీ లోపలి ఇనప కడ్డీ అయిన ప్లంజర్‌ను కదిలించలేదు. కాబట్టి సిగ్నల్ చక్కగా వస్తున్నా సెల్ఫ్ మౌనంగా ఉంటుంది. ఇలాంటప్పుడు మోటర్ బాడీ మీద చెక్క పిడితో నెమ్మదిగా తడితే ఒకసారి పని చేస్తుంది. అలా పని చేసిందంటే కార్బన్ల పని అయిపోయిందన్నమాట. ఇనప సుత్తి మాత్రం వద్దు. మాగ్నెట్ రకం మోటర్లలో దెబ్బకు మాగ్నెట్ పగులుతుంది.

"గిర్ర్" మని మోటర్ ఖాళీగా తిరిగి ఇంజన్ కదలకపోతే మోటర్ పళ్లచక్రాన్ని ఇంజన్‌కు పట్టించే బెండిక్స్ జారుతోంది లేదా దాన్ని ముందుకు నెట్టే ఫోర్కు విరిగింది. "కర్ర్" మని పళ్లు గీసుకుంటే ఆ చక్రం పట్టుకునే ఫ్లైవీల్ రింగ్ చూడాలి. ఈ రెండింటి సంగతి తర్వాత వస్తుంది.

బ్యాటరీల లెక్క

ముందు రెండు నిమిషాలు హెడ్‌లైట్లు వేసి ఆపండి. చార్జింగ్ అయిన వెంటనే పైపైన కనిపించే వోల్టేజి అలా దిగిపోతుంది. ఇప్పుడు ఒక్కో బ్యాటరీని విడిగా కొలవండి. 12.6 దగ్గర ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.4 అయితే ముప్పావు, 12.2 అయితే సగం, 12.0 అయితే పావు. మొత్తం 24.8 కన్నా తక్కువ ఉంటే ముందు చార్జ్ చేసి ఆ తర్వాతే మిగతా పరీక్షలకు వెళ్లండి. సగం చార్జి మీద తీసిన కొలత దేన్నీ తేల్చదు.

మూతలు తెరిచే బ్యాటరీ అయితే యాసిడ్ సాంద్రత చూపే హైడ్రోమీటర్ వోల్టేజి కన్నా నమ్మకమైనది. మన ఎండలకు తగ్గట్టు నింపిన బ్యాటరీ నిండా చార్జ్ అయితే 1.240 నుంచి 1.260 మధ్య చూపిస్తుంది. ఒక సెల్‌కూ ఇంకో సెల్‌కూ 0.050 కన్నా ఎక్కువ తేడా వస్తే ఆ తక్కువ సెల్ పోయినట్టే, ఎంత చార్జ్ చేసినా లాభం లేదు. డిస్టిల్డ్ వాటర్ పోసిన వెంటనే కొలవకండి. పై నీళ్లు లోపలి యాసిడ్‌తో ఇంకా కలవవు కాబట్టి అంకె తప్పొస్తుంది.

తర్వాత సెల్ఫ్ కొడుతుండగా ఒక్కో బ్యాటరీ మీద మీటరు పెట్టండి. రెండూ సిరీస్‌లో ఉన్నాయి కాబట్టి రెండింటిలోనూ ఒకే కరెంటు పారుతోంది. అందువల్ల పడిపోయే వోల్టేజి కూడా దాదాపు సమానంగా ఉండాలి. ఒకటి 10.3 దగ్గర నిలబడి ఇంకోటి 7.5కు జారితే దోషి ఎవరో తెలిసిపోయింది. మొత్తంగా సెల్ఫ్ కొట్టేటప్పుడు 19 వోల్టులు దాటి ఉండటం మంచి లక్షణం. 18 కన్నా కిందికి పోతే బ్యాటరీ బలహీనమో, మోటర్ ఎక్కువ లాగుతోందో తేల్చాలి. తేల్చేది క్లాంప్ మీటర్.

రెండింటిలో ఒకటే పదే పదే చనిపోతుంటే టేప్ రికార్డర్ తీగ ఎక్కడికి వెళ్లిందో చూడండి. క్యాబిన్‌లో పాటల పెట్టె, మొబైల్ చార్జర్, చిన్న ఫ్యాను 12 వోల్టులవి కావడంతో ఎర్త్ వైపు బ్యాటరీ ఒక్కదాని నుంచే తీగ లాగేస్తుంటారు. ఆ బ్యాటరీ రోజూ ఖాళీ అవుతుంది, ప్లస్ వైపున్న పైదాని మీద భారమేమీ ఉండదు. ఆల్టర్నేటర్‌కు కనిపించేది మొత్తం 28 వోల్టులు మాత్రమే. కింద బ్యాటరీ 13.2 దగ్గర ఆకలితో ఉంటే పైది 14.8 దగ్గర ఉడుకుతుంది, నీళ్లు ఎండిపోతాయి. కొత్త బ్యాటరీ ఒకటి తెచ్చి పాతదానితో జత కలిపినా ఇంచుమించు ఇదే కథ. మార్చితే రెండూ ఒకే ఆంపియర్‌ అవర్, ఒకే కంపెనీ, ఒకే వయసువి వేయాలి. పాటల పెట్టెకు 24 నుంచి 12కు మార్చే కన్వర్టర్ పెట్టించండి. ఇంజన్ నడుస్తుండగా చార్జింగ్ వోల్టేజి మొత్తం 27.5 నుంచి 28.5 మధ్య ఉండాలి.

వోల్టేజి ఎక్కడ పోతోంది

మొత్తం పనిలో ముఖ్యమైనది ఇదే, ఎక్కువమంది వదిలేసేదీ ఇదే.

సెల్ఫ్ కొట్టేటప్పుడు లారీ తీగల్లో పారే కరెంటు ఇంజన్ సైజును బట్టి వందల ఆంపియర్లు. 300 ఆంపియర్లు పారే దారిలో ఒక ఓమ్‌లో వందో వంతు అడ్డు ఉంటే చాలు, 3 వోల్టులు అక్కడే వేడిగా మారిపోతాయి. ఆ అడ్డును మల్టీమీటర్ ఓమ్ సెట్టింగ్ చూపించలేదు. "బీప్" పరీక్ష ఇంకా దారుణం. యాభై పోగుల్లో నలభై తొమ్మిది తెగిపోయి ఒక్క పోగు మిగిలినా బీప్ మంటుంది. కాబట్టి తీగను ఖాళీగా కాకుండా బరువు మోస్తున్నప్పుడే కొలవాలి.

మీటరును డీసీ వోల్టులలో పెట్టండి. ఎర్ర ప్రోబ్ బ్యాటరీ ప్లస్ సీసం పోస్టు మీద, నల్ల ప్రోబ్ సెల్ఫ్ మీద బ్యాటరీ తీగ వచ్చే 30 నంబర్ బోల్టు మీద పెట్టండి. పోస్టును పట్టే క్లాంపు మీద, తీగ చివరి లగ్గు మీద పెట్టకూడదు. పోస్టుకూ క్లాంపుకూ మధ్య ఉన్న తుప్పే దొంగ అయితే క్లాంపు మీద పెట్టిన ప్రోబ్ దాన్ని చూడదు. ఇప్పుడు మీటరు సున్నా చూపిస్తుంది. క్యాబిన్‌లో మనిషిని సెల్ఫ్ కొట్టమనండి. మొదటి కుదుపులో ఎగిసే అంకెను వదిలేసి, ఇంజన్ తిరుగుతుండగా నిలబడ్డ అంకెను చదవండి. ప్లస్ వైపు దారి మొత్తానికి 1 వోల్టు దాటకూడదు.

దాటితే ముక్కలు ముక్కలుగా వెతకండి. పోస్టు నుంచి క్లాంపుకు, క్లాంపు నుంచి కటాఫ్ స్విచ్ మొదటి బోల్టుకు, ఆ బోల్టు నుంచి రెండో బోల్టుకు, అక్కడి నుంచి సెల్ఫ్‌కు. కటాఫ్ స్విచ్ మైనస్ తీగలో ఉన్న బళ్లలో దాన్ని ఎర్త్ వైపు లెక్కలో వెతకాలి. ఒక్కో జాయింటు దగ్గర 0.2 వోల్టు కన్నా ఎక్కువ పోతే అది విప్పి శుభ్రం చేయాల్సిన జాయింటు. రెండు బ్యాటరీలను కలిపే పొట్టి తీగను కూడా వదలొద్దు, అది ఎవరి కంటా పడదు.

ఎర్త్ వైపు కూడా ఇదే పద్ధతి: ఎర్ర ప్రోబ్ సెల్ఫ్ బాడీ మీద రంగు గీకిన చోట, నల్ల ప్రోబ్ బ్యాటరీ మైనస్ పోస్టు మీద. ఇక్కడ 0.5 వోల్టు దాటితే అనుమానించాలి. ఎర్త్ దారి ఎలా వెళ్తుందో ఒకసారి ఊహించుకోండి. బ్యాటరీ నుంచి ఛాసిస్‌కు ఒక తీగ, ఛాసిస్ నుంచి ఇంజన్‌కో గేర్‌బాక్స్‌కో అల్లిన రాగి పట్టీ. ఇంజన్ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంది కాబట్టి ఆ పట్టీ ఒక్కటే వంతెన. క్లచ్ పని కోసం గేర్‌బాక్స్ దింపినప్పుడు పట్టీని విప్పి, తిరిగి రంగు మీదే బిగించడం, లేదా బిగించడమే మరిచిపోవడం మామూలే. అప్పుడు కరెంటు యాక్సిలరేటర్ కేబుల్, గేర్ లింకేజీ గుండా దారి వెతుక్కుంటుంది. సెల్ఫ్ కొట్టాక ఏ కేబులైనా వేడెక్కినా, పొగ వచ్చినా ఎర్త్ పట్టీని చూడండి. చేపలు, రొయ్యల లోడు తోలే బళ్లలో ఐసు కరిగి కారే ఉప్పునీరు ఛాసిస్ మీద పడి ఈ పట్టీని పచ్చటి పొడిగా మార్చేస్తుంది. కోస్తాలో తిరిగే బళ్లకు ఏడాదికోసారి పట్టీ మార్చడం నష్టమేమీ కాదు.

ఎర్త్ మీద అనుమానమే గానీ మీటరు లేదంటే, మందమైన జంప్ లీడ్ ఒకటి బ్యాటరీ మైనస్ నుంచి నేరుగా ఇంజన్ బ్లాకు ఇనుముకు వేసి సెల్ఫ్ కొట్టండి. ఇంజన్ చురుగ్గా తిరిగిందా, పట్టీ దొరికినట్టే.

ఆఖరి కొలత సోలినాయిడ్ మీద. బ్యాటరీ తీగ వచ్చే 30 బోల్టుకూ, సోలినాయిడ్ నుంచి మోటర్‌లోకి వెళ్లే బోల్టుకూ మధ్య. సెల్ఫ్ కొట్టకముందు అక్కడ పూర్తి 24 కనిపిస్తుంది, కాబట్టి మీటరు రేంజ్ పెద్దది పెట్టుకోండి. కొట్టినప్పుడు 0.3 కన్నా కిందికి పడిపోవాలి. టక్ మన్నా 24 దగ్గరే ఉండిపోతే కాంటాక్టులు కాలిపోయాయి. ఒకటి రెండు వోల్టుల దగ్గర ఆగితే కాలుతున్నాయి.

ఉదాహరణకు ఈ అంకెలు చూడండి. సెల్ఫ్ కొట్టేటప్పుడు బ్యాటరీల దగ్గర 22.8, సెల్ఫ్ 30 బోల్టుకూ బాడీకీ మధ్య 15.0. మధ్యలో 7.8 వోల్టులు మాయం. ప్లస్ వైపు 0.7, ఎర్త్ వైపు 7.1. ఇంజన్ నీరసంగా తిరుగుతున్నా బ్యాటరీ వోల్టేజి ఇంత ఎత్తులో నిలబడటమే మొదటి ఆధారం. దారిలో అడ్డు ఉంటే కరెంటు తక్కువగా పారుతుంది, బ్యాటరీకి శ్రమ ఉండదు. బ్యాటరీయే చెడితే ఆ అంకె 17కో 16కో పడి ఉండేది.

ఒక జాగ్రత్త. ఈ పరీక్షలన్నీ కరెంటు పారుతున్నప్పుడే నిజం చెబుతాయి. కార్బన్లు తెగి మోటర్ అసలు కరెంటే లాగకపోతే ఎంత కుళ్లిన తీగ మీదైనా మీటరు సున్నాయే చూపిస్తుంది. సున్నా కనిపించగానే తీగలు బాగున్నాయని సంబరపడకండి, మోటర్ తిరిగిందా లేదా చూడండి.

తీగలు మార్చాల్సి వస్తే పాతదానికన్నా సన్నవి వేయకండి. ఈ బళ్లకు మామూలుగా 50 నుంచి 70 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ వాడతారు. బయట లావుగా కనిపించే రబ్బరు లోపల అల్యూమినియం పోగులున్న చవక తీగలు సెల్ఫ్‌కు పనికిరావు. లగ్గును సుత్తితో బాది బిగించినది కొన్నాళ్లకు లోపల నల్లబడుతుంది. హైడ్రాలిక్ క్రింపింగ్ పట్టకారుతో నొక్కించండి. టెర్మినళ్ల మీది పచ్చ, తెలుపు పొడిని వంటసోడా కలిపిన వేడినీళ్లతో కడిగి, ఆరాక, ముందు బిగించి ఆ తర్వాతే పైన వాసెలిన్ రాయండి.

సిగ్నల్ రాకపోతే

సెల్ఫ్ మౌనంగా ఉంటే సన్న తీగ వచ్చే 50 నంబర్ టెర్మినల్ మీద బల్బు పెట్టి, రెండో తీగ ఎర్త్‌కు ఇచ్చి తాళం తిప్పించండి. బల్బు నిండుగా వెలిగి సోలినాయిడ్ కదలకపోతే లోపం సెల్ఫ్‌లోనే. వెలగకపోతే లోపం వెనక ఉంది. ఇక్కడ మీటరు కన్నా బల్బు మేలు, ఎందుకంటే తెగీ తెగని తీగలో కూడా మీటరు 24 చూపిస్తుంది, బల్బు మాత్రం మిణుకుమంటుంది. మీటరుతో చూసేట్టయితే తీగ సోలినాయిడ్‌కు తగిలించి ఉండగానే కొలవండి. ఆ క్షణంలో బ్యాటరీ దగ్గర ఉన్నదానికన్నా 2 వోల్టులకు మించి తగ్గకూడదు.

వెనక్కి వెళ్లే వరస: సెల్ఫ్ రిలే, ఫ్యూజ్, న్యూట్రల్ స్విచ్ లేదా క్లచ్ స్విచ్, తాళం స్విచ్. రిలే సాకెట్‌లో పక్కనే అదే నంబరున్న రిలే ఉంటే మార్చి చూడటం అన్నిటికన్నా చవకైన పరీక్ష. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్ 6 బళ్లలో చాలావాటికి సెల్ఫ్ రిలేను ఇంజన్ కంప్యూటర్ అయిన ఈసీయూ నడుపుతుంది. క్లచ్ నొక్కారా, గేరు న్యూట్రల్‌లో ఉందా అన్నది దానికి తెలిస్తేనే అనుమతి ఇస్తుంది. ఆ బళ్లలో స్కానర్ పెట్టి క్లచ్, న్యూట్రల్ స్థితి స్క్రీన్ మీద మారుతోందో లేదో ముందు చూడండి. కామన్ రైల్ బళ్లకు ఇంకో లక్షణం: సెల్ఫ్ నీరసంగా తిప్పితే రైల్ ప్రెషర్ చాలినంత లేవదు, ఈసీయూ డీజిల్ వదలదు, పొగ కూడా రాదు. దాన్ని డీజిల్ సమస్య అనుకుని ఫిల్టర్లు మార్చే ముందు ఇంజన్ ఎంత వేగంగా తిరుగుతోందో స్కానర్‌లో చూడండి.

క్లాంప్ మీటర్ తీర్పు

తీగలన్నీ బాగున్నాయి, బ్యాటరీ నిండుగా ఉంది, అయినా ఇంజన్ నీరసంగా తిరుగుతోంది. ఇప్పుడు సెల్ఫ్ తీగ చుట్టూ క్లాంప్ మీటర్ వేయండి. అదే మోడల్ బాగున్న బండి మీద తీసిన అంకె మీ దగ్గర ఉంటే అంతకు మించిన కొలబద్ద లేదు.

కరెంటు తక్కువ, తిరగడం నీరసం: మోటర్ లోపలే అడ్డు ఉంది. అరిగిన కార్బన్లు, బలం పోయిన స్ప్రింగులు, నల్లబడిన కమ్యుటేటర్. కరెంటు బాగా ఎక్కువ, తిరగడం నీరసం: మోటర్‌లో తిరిగే భాగమైన ఆర్మేచర్ షార్ట్, దాని షాఫ్ట్ ఆనే బుష్‌లు అరిగి ఆర్మేచర్ లోపలి పోల్ ఇనుమును రాసుకోవడం, లేదా ఇంజనే బిగుసుకుపోవడం. పొద్దున చల్లగా ఉన్నప్పుడు బాగా పట్టి, లోడు దింపి ఇంజన్ వేడి మీద మళ్లీ కొడితే పట్టకపోవడం బుష్‌ల అరుగుదలకూ వైండింగ్ షార్ట్‌కూ బాగా తెలిసిన గుర్తు.

మోటర్‌ను నిందించే ముందు ఇంజన్‌ను చేత్తో తిప్పి చూడాలి. బ్యాటరీ మైనస్ విప్పి, క్రాంక్ పుల్లీ బోల్టుకు సాకెట్, పొడవాటి పిడి వేసి రెండు చుట్లు తిప్పండి. కంప్రెషన్ దగ్గర గట్టిగా ఉండి, నెమ్మదిగా వదలడం సహజం. ఒకచోట రాయిలా ఆగిపోతే అక్కడితో ఆపండి. సిలిండర్‌లో నీరో డీజిలో చేరి ఉండవచ్చు. హెడ్ గాస్కెట్ పోయినా, తిరిగి ఇంజన్‌లోకి వెళ్లే పొగను చల్లబరిచే ఈజీఆర్ కూలర్ కారినా, బండి వరద నీళ్లలో మునిగినా ఇలా అవుతుంది. అలాంటి ఇంజన్‌ను సెల్ఫ్‌తో బలవంతంగా తిప్పితే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ఇంజన్ తేలిగ్గానే తిరిగితే ఇక సెల్ఫ్ విప్పవచ్చు.

విప్పాక

బోల్టులు చివరివి వదిలే ముందు కింద ఆసరా పెట్టుకోండి. పెద్ద సెల్ఫ్ ముఖం మీద పడితే పళ్లు రాలిపోతాయి.

విప్పిన రంధ్రంలోంచి టార్చి వేసి, ఇంజన్‌ను చేత్తో తిప్పుతూ ఫ్లైవీల్ రింగ్ పళ్లన్నీ చూడండి. సగం చూసి ఆపితే లాభం లేదు. ఆరు సిలిండర్ల ఇంజన్ ఆపినప్పుడు దాదాపు ఎప్పుడూ మూడు చోట్లే ఆగుతుంది, నాలుగు సిలిండర్లది రెండు చోట్ల. పళ్లు అరిగేదీ అక్కడే. "ఒక్కోసారి పట్టదు, బండి కాస్త కదిపితే పడుతుంది" అనే ఫిర్యాదుకు మూలం తరచూ ఇదే. అరిగిన రింగ్‌కు కొత్త బెండిక్స్ వేస్తే నెల తిరక్కుండా దాని పళ్లూ పోతాయి.

బెండిక్స్‌ను చేత్తో తిప్పండి. ఒకవైపు తేలిగ్గా తిరగాలి, ఇంకోవైపు షాఫ్ట్‌తో సహా బిగుసుకోవాలి. రెండు వైపులా తిరిగితే లోపలి రోలర్లు పోయాయి. దాన్ని పెట్రోల్‌లో, డీజిల్‌లో ముంచి కడగొద్దు, లోపలి గ్రీజు కరిగిపోతుంది. ముందు భాగమంతా నూనెతో తడిసి ఉంటే ఇంజన్ వెనక ఆయిల్ సీల్ కారుతోంది. సీల్ మార్చకుండా సెల్ఫ్ ఒక్కటే బాగు చేస్తే డబ్బు దండగ. నల్లటి పొడి పేరుకుంటే అది క్లచ్ ప్లేటుది.

కార్బన్ల పొడవు కొత్తదానిలో సగానికి వస్తే మార్చాలి. హోల్డర్లలో అవి తేలిగ్గా జారాలి. కమ్యుటేటర్ రాగి గోధుమ రంగులో నున్నగా ఉంటే ముట్టుకోకండి. నల్లబడితే సన్న గరుకు కాగితంతో రుద్దండి. ఎమెరీ వద్దు, దాని రవ్వలు రాగి పట్టీల మధ్య ఇరుక్కుని షార్ట్ చేస్తాయి. గాట్లు పడితే లేత్ మీద చెక్కించి, పట్టీల మధ్య మైకాను రాగి మట్టం కన్నా సుమారు అర మిల్లీమీటరు లోతుకు గీయించాలి. చుట్టూ వరసగా కాకుండా ఒకటి రెండు పట్టీలు మాత్రమే కాలి ఉంటే ఆ కాయిల్ టంకం వదిలిందని అర్థం, ఎంత పాలిష్ చేసినా తిరిగి వస్తుంది. కమ్యుటేటర్‌కూ షాఫ్ట్‌కూ మధ్య, ఫీల్డ్ కాయిల్‌కూ బాడీకీ మధ్య కరెంటు దాటకూడదు. ఫీల్డ్ కొన ఎర్త్ చేసి ఉండే రకమైతే ఆ కొన విడదీసి చూడాలి. కాయిల్‌లో చుట్ల మధ్య షార్ట్‌ను మల్టీమీటర్ చూపించదు, దానికి ఆర్మేచర్‌ను గ్రౌలర్ అనే పరీక్ష పరికరం మీద పెట్టాలి. ఆర్మేచర్ ఒంటి మీద మెరిసే గీతలు కనిపిస్తే బుష్‌లు మార్చడం ఖాయం. కొత్త కంచు బుష్‌ను ఇంజన్ ఆయిల్‌లో నానబెట్టి ఎక్కించండి.

సోలినాయిడ్ మూత విప్పే రకమైతే కాంటాక్ట్ బోల్టులూ రాగి బిళ్లా చూడండి. కొద్దిగా కాలితే బిళ్లను తిరగేసి వాడుకోవచ్చు. రెండు బోల్టులూ ఒకే ఎత్తులో అరిగాయా అన్నది ముఖ్యం. ఒకటి ఎత్తు, ఒకటి తగ్గు అయితే బిళ్ల ఒక అంచు మీదే కూర్చుని మళ్లీ కాలుతుంది. కాంటాక్టులు అతుక్కుపోవడం ఇంకా ప్రమాదం. ఇంజన్ అందుకున్నా తాళం వదిలినా సెల్ఫ్ ఆగదు, అలాగే వదిలేస్తే ఆర్మేచర్ చుట్లు ఊడి రావచ్చు. అలా జరిగితే వెంటనే ఇంజన్ ఆపి, కటాఫ్ స్విచ్ ఆఫ్ చేయాలి. డౌన్ అయిన బ్యాటరీతో టకటకలాడిస్తూ పదే పదే కొట్టడమే కాంటాక్టులు అతుక్కోవడానికి పెద్ద కారణం.

కూర్చాక వైస్‌లో గట్టిగా బిగించి, ఖాళీగా కొద్ది సెకన్లు మాత్రమే తిప్పి చూడండి. భారం లేని సిరీస్ మోటర్ వేగం పెరుగుతూనే పోతుంది. పినియన్ ఒక్క తోపులో బయటికి వచ్చి, వదలగానే వెనక్కి పోవాలి. బండికి బిగించేటప్పుడు సెల్ఫ్ ఆనే ముఖమూ, ఫ్లైవీల్ హౌసింగ్ ముఖమూ రంగు, తుప్పు లేకుండా గీకండి, ఎర్త్ దొరికేది అక్కడే. బోల్టులు బిగించాక ఇందాకటి కొలతలు మూడూ మళ్లీ తీయండి: సెల్ఫ్ కొట్టేటప్పుడు బ్యాటరీ వోల్టేజి, ప్లస్ వైపు నష్టం, ఎర్త్ వైపు నష్టం. క్లాంప్ మీటర్ అంకెతో కలిపి వాటిని బండి నంబరు, తేదీ పక్కన రాసి పెట్టండి. మళ్లీ ఫిర్యాదు వచ్చిన రోజు పోల్చుకోవడానికి ఆ బండిదే అంకె మీ దగ్గర ఉంటుంది.